మొలవని గింజ చచ్చిన గింజ కాదు

(పెరటి పూలతోట పెంచువారికిని, గ్రామోద్యోగులకును ఒక విన్నపము)

రచన: వ్యవసాయాధికారి, బి.యస్సి. (వ్యవసాయము)

పెరడున్న ప్రతి యింటను నాలుగు పూలమొక్కలు పెంచుట తెలుగునాట ఆచారము. పూజకును, ఆడవారి జడలకును, పండుగనాటి గుమ్మమునకును పూలు కావలెను. ఇందుకై బంతి వంటి వానిని ఏటేట విత్తుకొనుట ఒక పద్ధతి. ఒకమారు నాటిన పిమ్మట ఏండ్ల తరబడి పూయు మొక్కలను పెంచుకొనుట మరియొక పద్ధతి. శంఖపుష్పము, మెట్టతామర, తామర, అడవినాభి, సంపంగి ఈ రెండవ తరగతికి చెందినవి. ఇవి మన ఎండలకును, వానలకును అలవాటుపడిన మొక్కలే. వీనిని గింజనుండి పెంచవచ్చును. కాని వీని గింజలు బంతిగింజలవలె నాలుగైదు దినములలో మొలకెత్తవు. చిక్కంతయు అక్కడనే వచ్చుచున్నది.

సాధారణముగా జరుగునదేమనగా, గింజలను తెచ్చి కుండీలో నాటుదురు. పది దినములు శ్రద్ధగా నీరు పోయుదురు. మొలక కనబడదు. ‘గింజ పుచ్చినది’ అని కొందరును, ‘ఇచ్చినవాడు మోసము చేసినాడు’ అని కొందరును అనుకొని, కుండీలోని మట్టిని గోడ ప్రక్కన పారబోయుదురు. ఆ మట్టిలో గింజలు అనేక సందర్భములలో ప్రాణముతోనే యుండును.

ఈ విషయమున నా అభిప్రాయమును సూటిగా చెప్పుచున్నాను. గింజతోపాటు దానిని మొలిపించు విధానమును చెప్పనియెడల ఆ పంపిణీ సగము పంపిణీయే. అట్లే, పరీక్షించి చూడక కుండీని పారబోయుట చేతికందిన సొత్తును పారవేయుటయే. ఈ రెండును మానుకొనుట ఏమంత కష్టము కాదు.

రైతు ఎరిగిన సంగతియే

గింజ నిద్రించునని చెప్పిన పట్టణవాసి ఆశ్చర్యపడవచ్చును గాని రైతు ఆశ్చర్యపడనక్కరలేదు. వరిలో కొన్ని రకముల ధాన్యమును కోసిన వెంటనే నారు పోసిన సరిగా మొలవదు. కొన్ని వారములు ఆగవలెను, లేదా సిఫార్సు చేసిన మోతాదులో పలుచని నత్రికామ్లపు నీటిలో నానవేసి ఆ నిద్రను పోగొట్టవలెను. వేరుశనగలో తీగ రకముల కాయలకు ఈ నిద్రావస్థ గలదు. గుత్తి రకములలో పెక్కింటికి అది లేదు. కనుకనే గుత్తి రకపు పంట పక్వమునకు వచ్చిన సమయమున వాన పట్టిన, కాయలు భూమిలోనే మొలకెత్తి రైతును నష్టపరచును. నిద్ర యున్నచోట తొందరపడి నాటినను, నిద్ర లేనిచోట కోత ఆలస్యము చేసినను నష్టమే.

గృహిణులకు ఇంతకంటె దగ్గరి ఉదాహరణ కలదు. రాత్రి నానవేసిన పెసలలో తెల్లవారుసరికి కొన్ని ఉబ్బక రాళ్ళవలె మిగిలియుండును. నమలినప్పుడు పంటిక్రింద పడునవి అవియే. వాని పైపొర నీటిని లోనికి పోనీయలేదు. అవి చచ్చిన గింజలు కావు. మన దేశపు విత్తన ధ్రువీకరణ ప్రమాణములలో పెసర విత్తనమునకు కనీస మొలక శాతము 75. ఈ లెక్కలో ఇట్టి గట్టిగింజలను కూడ కలిపియే చూతురు. అనగా, నేడు మొలవకున్నను ప్రాణమున్న గింజయే యని ప్రయోగశాలలు ఒప్పుకొన్నవి. పెసరకు చూపిన ఈ న్యాయమును మన పెరటి పూలగింజకు కూడ చూపవలెనని నా కోరిక.

గింజ ఎందుకు నిద్రించును?

తొలకరి చినుకులు పడగానే విత్తి, పిమ్మట ఇరువది దినములు వాన ముఖము చాటువేసినందున మొలక మాడిపోయిన అనుభవము మెట్ట రైతులలో లేనివారరుదు. అడవిలోని మొక్కకు మరల విత్తనము కొనుటకు వీలులేదు. గింజలన్నియు మొదటి జల్లుకే మొలచి, తరువాత బెట్ట వచ్చినయెడల ఆ సంవత్సరపు సంతానమంతయు నశించును. అందుచేత కొన్ని జాతులలో గింజలు ఒక్కమారుగా మేల్కొనవు. కొన్ని ఈ ఏడు, కొన్ని వచ్చే ఏడు, మరికొన్ని ఇంకను తరువాత మొలచును. ఈలోగా ఎండకు వేడెక్కి, వానకు తడిసి, ఇసుకలో ఒరసికొని, పశువుల కడుపులో నాని, పైపొర క్రమముగా సడలును. నీరు లోనికి పోవును. అప్పుడు గింజ మేల్కొనును.

ఈ ఏర్పాటు అడవిలోని మొక్కకు మేలు, మన కుండీకి కీడు. మనము కుండీలో నీడ, నీరు, మెత్తని మట్టి ఇచ్చుచున్నాము. గింజ ఎదురుచూచునది ఎండ, రాపిడి, కాలము. ఆ పనిని మనము చేతితో చేసి పెట్టినగాని గింజకు తెలియదు.

ఇట్టి గింజ ఎంతకాలము వేచియుండగలదో తెలుపు రెండు ఉదాహరణములు కలవు. 1951లో జపాను దేశమున చిబా ప్రాంతమందు ఇచిరో ఓగా అను వృక్షశాస్త్రజ్ఞుడు పురాతనమైన బురదనేలలో తామరగింజలు మూడింటిని కనుగొనెను. అవి సుమారు రెండువేల ఏండ్లనాటివని అంచనా వేసినారు. వానిలో ఒక గింజ మొలచి పెరిగి 1952లో పూచినది. ఆ మొక్క సంతతి నేటికిని జపానులో పూయుచున్నది. తరువాత 1995లో, చైనా దేశపు ఎండిన చెరువు నేలలో దొరికిన సుమారు 1,300 ఏండ్ల వయసుగల తామరగింజను శాస్త్రజ్ఞులు మొలిపించిన సంగతి ప్రకటింపబడినది. వెయ్యేండ్లు వేచియుండగల గింజను మనము పది దినములలో చచ్చినదని తీర్పు చెప్పుట న్యాయము కాదు.

తాళములు మూడు విధములు

అన్ని గింజలకు ఒకే మందు చెప్పువారిని నమ్మకూడదు. ‘ఏ గింజనైనను మరుగునీటిలో వేయుము’ అను సలహా తరచు వినబడుచున్నది. ఇది ప్రమాదకరమైన సలహా. గింజ మొలవకుండుటకు కారణములు ముఖ్యముగా మూడు.

మొదటిది గట్టిపొర. నీరు లోనికి పోదు. శంఖపుష్పము, మెట్టతామర, తామర ఇట్టివి. పెద్దచెట్లలో రేల, తురాయి కూడ ఈ జాబితాలోనివే. వీనికి పొరను తెరచుటయే చికిత్స.

రెండవది లోపలి నిద్ర. నీరు లోనికి పోయినను గింజలోని మొలక ఇంకను సిద్ధముగా నుండదు. అడవినాభి ఇట్టిది. దీనికి వేడినీరు పనిచేయదు. ఓపికయే కావలెను.

మూడవది దీనికి పూర్తిగా వ్యతిరేకము. గింజ ఆరబెట్టిన చచ్చిపోవును. సంపంగి ఇట్టిది. మామిడి టెంకను అటకమీద ఏడాది దాచి నాటువాడెవడును లేడు. సంపంగిగింజను మాత్రము కాగితములో పొట్లముకట్టి బీరువాలో దాచువారున్నారు. ఆ గింజకు మరుగునీరు పోసిన, మిగిలిన ప్రాణము కూడ పోవును.

కనుక గింజ చేతికి వచ్చినప్పుడు వేయవలసిన మొదటి ప్రశ్న ‘ఎట్లు నాటవలెను’ అని కాదు, ‘దీని తాళము ఏది’ అని.

అయిదు గింజల పరీక్ష

పుస్తకము లేకున్నను ఈ ప్రశ్నకు ఇంటనే కొంతవరకు జవాబు రాబట్టవచ్చును. గట్టిగా, నున్నగా, పొడిగా నున్న గింజలు పది తీసికొనుడు. అయిదింటి పైపొరను గరుకుకాగితముపై రుద్ది కొద్దిగా తెరువుడు. తక్కిన అయిదింటిని అట్లే యుంచుడు. రెండు తెగలను విడివిడిగా తడిగుడ్డలో చుట్టి, గుడ్డ ఆరకుండ చూచుచు రెండు వారములుంచుడు.

గీరినవి ఉబ్బి మొలచి, గీరనివి మారక యున్నయెడల ఆ గింజకు గట్టిపొర యున్నదని అర్థము. రెండును మొలచిన, ఏ చికిత్సయు అక్కరలేదు. రెండును ఉబ్బియు మొలవక గట్టిగానే యున్నయెడల లోపలి నిద్ర కావచ్చును. మరికొంతకాలము చూడవలెను. రెండును మెత్తబడి కుళ్ళి వాసన కొట్టిన, అవి నిజముగా చచ్చిన గింజలు. అప్పుడు మాత్రమే గింజను నిందింపవలెను. ఈ పరీక్షకు అయ్యే ఖర్చు ఒక గుడ్డపేలిక.

గట్టిపొర తెరచు విధములు

గింజలు కొద్దిగా నున్నప్పుడు గీరుటయే మేలు. వడ్రంగులు వాడు గరుకుకాగితముగాని, ఆకురాయిగాని చాలును. గింజకు కన్ను, అనగా కాయకు అంటియుండిన మచ్చ, ఉన్నచోట గీరకూడదు. దానికి ఎదురువైపున, పైపొర రంగు పోయి లోపలి తెల్లని పప్పు లేశమాత్రము కనబడువరకు గీరి ఆపవలెను. పప్పు గాయపడిన కుళ్ళు పట్టును.

గింజలు ఎక్కువగా నున్నప్పుడు వేడినీరు వాడవచ్చును. నీటిని మరిగించి, పొయ్యిమీదనుండి దింపి, అయిదు నిమిషములు ఆగి, గింజల పరిమాణమునకు నాలుగైదు రెట్లు నీటిని వానిపై పోసి, చల్లారి తెల్లవారువరకు ఉంచవలెను. పొయ్యిమీద ఉడికింపరాదు. ఉదయమున ఉబ్బినవానిని వేరుచేసి నాటుడు. ఉబ్బనివానిని గీరి మరల నానవేయుడు. నర్సరీలవారు గంధకామ్లమును కూడ వాడుదురు. పిల్లలు తిరుగు ఇంట ఆ పని చేయరాదు.

శంఖపుష్పము

నీలము, తెలుపు రంగులలో పూయు ఈ తీగను దడికిగాని, పందిరికిగాని ప్రాకింపవచ్చును. చిక్కుడు, పెసర కుటుంబములోనిది గనుక వేరుబుడిపెలలో నత్రజనిని స్థిరపరచి నేలకు మేలుచేయును. కాయ గోధుమరంగుకు తిరిగి ఎండిన పిమ్మట, పగిలి గింజ చెదరకముందే కోయవలెను. గింజను గీరి ఒక రాత్రి నానవేసి, పెరుగవలసిన చోటనే సెంటీమీటరు లోతున నాటుట మేలు. లోతుగా వేరుపట్టు మొక్క గనుక పెకలించి నాటిన కొంత దెబ్బతినును. ఒకటి రెండు వారములలో మొలచును. సుమారు రెండు నెలలలో పూత ఆరంభించును. గట్టిగింజలతో అభ్యాసము ఆరంభించువారు దీనితోనే ఆరంభించుట మంచిది. ఫలితము త్వరగా కనబడును, ధైర్యము కలుగును.

మెట్టతామర

కాలువగట్టున, బావిదగ్గర వాడుకనీరు పారుచోట ఇది చక్కగా పెరుగును. గింజ నల్లగా, గుండ్రముగా, రాతివలె గట్టిగా నుండును. ఆంగ్లేయులు దీనికి ‘ఇండియన్ షాట్’ అను పేరు పెట్టినారు. షాట్ అనగా తుపాకిలో వేయు చిన్నగుండు. ఈ గింజను వేళ్ళతో పట్టుకొని గీరుట కష్టము. పటకారుతో పట్టుకొని ఆకురాయిపై రుద్దుడు. తరువాత ఒక దినము నీటిలో నానవేసిన రెండింతలుగా ఉబ్బును. ఉబ్బినవానిని ఒకటిన్నర సెంటీమీటరు లోతున నాటిన, రెండు మూడు వారములలో మొలచును. పిమ్మట దుంపలు పుట్టి పిలకలు వేయుచు గుంపుగా విస్తరించును. సంకరజాతుల గింజ తల్లి రంగునే ఇచ్చునని ఆశింపరాదు. ఫలాని రంగే కావలెనన్నవారు దుంప నాటుకొనవలెను. క్రొత్త రంగు వచ్చిన సంతోషించువారికి గింజ నాటుట వేడుకగా నుండును.

తామర

చెరువులేని ఇంట తామర పెరుగదనుకొనుట పొరపాటు. అడుగున రంధ్రములేని, అర మీటరు వెడల్పుగల తొట్టి చాలును. గింజకు ఒకవైపు చిన్న మొన, రెండవవైపు చిన్న గుంట యుండును. గుంటగల వైపును ఆకురాయితో అరగదీయవలెను. నల్లని పెంకు క్రింద లేత మీగడరంగు కనబడగానే ఆపవలెను. గాజుగ్లాసులో నీరు పోసి అందు వేసి, ఎండతగులు కిటికీవద్ద నుంచి, దినదినము నీరు మార్చుడు. ప్రాణమున్న గింజ వారములోపుననే పగిలి పచ్చని మొలక చూపును. రెండు మూడు ఆకులును, వేళ్ళును వచ్చిన పిదప తొట్టి అడుగున జానెడు చెరువుమట్టి పరచి, దానిలో మెల్లగా నాటి, పైన నీరు నింపవలెను. తొట్టి దినమునకు ఆరు గంటలైనను ఎండ పడుచోట నుండవలెను. నీడలో ఆకులు వచ్చును గాని పూవు రాదు. గింజనుండి పెరిగిన తామర పెక్కుసార్లు రెండవ యేటగాని పూయదు.

ఒక హెచ్చరిక. నిలువనీరు దోమలకు నిలయము. తొట్టిలో గంబూజియాగాని, గప్పీగాని చేపలు నాలుగైదు వదలుడు. అవి దోమపిల్లలను తినును. పూవుకొరకు డెంగ్యూ జ్వరము తెచ్చుకొనరాదు.

అడవినాభి

వానకాలమున కంచెలపై ఎగబ్రాకి, అగ్నిజ్వాలవలె ఎరుపు పసుపు రేకులతో పూయు ఈ మొక్కను చూడనివారు తక్కువ. ఇది తమిళనాడు రాష్ట్రపుష్పము. దుంప నాగలి ఆకారమున నుండును గనుక సంస్కృతమున దీనిని లాంగలి యన్నారు. మందులకై దీని గింజకును, దుంపకును గిరాకీ యుండుటచేత కంచెలలోను, అడవులలోను త్రవ్వుకొనిపోవుచున్నారు. దుంప త్రవ్విన ఆ మొక్క అంతటితో సరి. గింజ కోసిన మొక్క మిగులును. కనుక ఈ మొక్కను ప్రేమించువారు గింజనుండి పెంచుట నేర్చుకొనుట అవసరమని నా అభిప్రాయము.

గింజను ఇసుక కలిపిన మట్టిలో పలుచగా నాటి, తేమ ఆరకుండ చూడవలెను. మొలక వారముల తరబడి, ఒక్కొక్కప్పుడు నెలల తరబడి పట్టును. అన్నియు ఒకసారి రావు. మొదటి ఏట చిన్న మొలక వచ్చి, మట్టిలో చిన్న దుంప కట్టి, వానలు పోగానే ఆకు ఎండిపోవును. ఇక్కడ రెండవసారి మోసపోవుట కలదు. మొక్క చచ్చినదని కుండీ పారబోయకూడదు. దుంప మట్టిలో నిద్రించుచున్నది. నీరు తగ్గించి కుండీని నీడన ఉంచిన, వచ్చే వానకాలమునకు మరల చిగుర్చును. పూత చూచుటకు మూడు నాలుగు ఏండ్లు పట్టును.

ఈ మొక్కలో ప్రతి భాగమును విషమే. అందున్న కాల్చిసిన్ ప్రాణాంతకము. దుంపను తినదగిన దుంపయని పొరబడి తిన్న మరణము సంభవించును. పిల్లలు, పశువులు తిరుగు పెరటిలో దీనిని నాటవద్దు. నాటినవారు పేరు వ్రాసిన పలక తప్పక పాతవలెను. దుంప ముట్టిన చేతులను కడుగుకొనవలెను.

సంపంగి

ఇది ఇక్కడ చెప్పిన వానిలో చెట్టు జాతి. కాయ పగిలి ఎర్రని కండతో గింజలు కనబడిన వెంటనే సేకరింపవలెను. ఆలస్యమైన పక్షులు తినిపోవును. కండలో నూనె యుండును. అది మొలకకు అడ్డు, చీమలకు పిలుపు. గింజలను ఇసుకతో రుద్ది కడిగి, ఎండలో ఆరబెట్టక, ఆ వారములోనే నీడగల నారుమడిలో నాటవలెను. మొలకకు ఒకటి రెండు నెలలు పట్టవచ్చును. గింజమొక్క పూయుటకు చాల ఏండ్లు పట్టునని ముందుగానే తెలిసికొనుడు. త్వరగా పూవు కావలసినవారు అంటుమొక్క కొనుటయే న్యాయము. బడి ఆవరణలోను, గుడి ఆవరణలోను నీడకొరకును, పూవుకొరకును చెట్టు కావలెనన్న గింజమొక్క తగినది.

మట్టి, నీరు, ఓపిక

ఎర్రమట్టి, ఇసుక, బాగుగా మాగిన పశువులయెరువు సమభాగములుగా కలిపిన మట్టి అన్నిటికిని పనికివచ్చును. గింజ మందమునకు రెండు మూడు రెట్లకు మించిన లోతున నాటరాదు. పొడివంటి సన్నగింజలకు, ఉదాహరణకు బిగోనియాకు, మట్టి కప్పరాదు. అవి వెలుతురు కోరును. బిళ్ళగన్నేరు గింజకు చీకటి కావలెను గనుక పలుచగా కప్పవలెను.

నీరు సన్నని జల్లుగా పోయవలెను. మట్టి తేమగా నుండవలెనుగాని బురదగా నుండరాదు. ఎక్కువ నీటివలన నారుకుళ్ళు తెగులు వచ్చి మొలక మొదట మెత్తబడి పడిపోవును. అది కనబడిన లీటరు నీటికి 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడు కలిపి మట్టి తడియునట్లు పోయవలెను. ప్రతి కుండీకి గింజ పేరు, నాటిన తేదీ వ్రాసి గ్రుచ్చుట అన్నిటికంటె ముఖ్యము. తేదీ లేనియెడల పది దినములు నెలవలె తోచును.

కొన్న మొక్క ఉండగా ఈ శ్రమ ఎందుకు?

ఇది న్యాయమైన ప్రశ్న. తూర్పు గోదావరి జిల్లాలోని కడియము నర్సరీలనుండి దేశమంతటికి మొక్కలు పోవుచున్నవి. మల్లె, గులాబి వంటివానికి గింజ మాట తలపెట్టనే వద్దు. అంట్లు, కొమ్మలే తగినవి. కాని గింజకు రెండు సుగుణములు కలవు. కవరులో పెట్టి పంపవచ్చును గనుక పేదయింటికిని, దూరపు గూడెమునకును చేరును. ఒక ఇంటి తీగనుండి ఊరంతటికి పంచవచ్చును. ఇంతకంటె పెద్ద లాభము మరియొకటి. గింజ తత్త్వమును పెరటిలో గ్రహించిన బాలుడు రేపు పొలములో విత్తనమును పరీక్షింపక విత్తడు.

ఇక, విదేశపు పొట్లములపై అందమైన బొమ్మలు చూచి లావెండరు, డెల్ఫినియము వంటి చలిదేశపు పూలగింజలు కొనువారున్నారు. వీనిలో కొన్నింటికి చలికాలము గడచినగాని మెలకువ రాదు. తడియిసుకలో కలిపి ఫ్రిజ్జులో కొన్ని వారములుంచి వానిని మేల్కొలుపవచ్చును. గింజను ఫ్రిజ్జులో పెట్టగలముగాని, పెరిగిన మొక్కను మే నెలలో రెంటచింతల ఎండనుండి ఏ ఫ్రిజ్జులో దాచెదము? కొండచలి లేని మన మైదానములలో ఆ శ్రమను మన పూలపై వెచ్చించుట వివేకము.

గ్రామోద్యోగులకు మనవి

1966 విత్తన చట్టము క్రింద ప్రకటింపబడిన రకముల సంచిపై కనీస మొలక శాతము మున్నగు వివరములు తెలుపవలెనని నియమము కలదు. పూలగింజల చిన్న పొట్లములపై తరచు బొమ్మ తప్ప ఏమియు నుండదు. వనమహోత్సవముల సందర్భమున పంచు గింజల పొట్లములపై బొమ్మ కూడ నుండదు. 1950లో కె. యం. మున్షీ గారు వనమహోత్సవమును ఆరంభించిననాటినుండి ఎన్ని గింజలు పంచితిమను లెక్క వ్రాయుట అలవాటైనది. ఎన్ని మొలచినవను లెక్కయే ముఖ్యమని నేను తలచుచున్నాను.

దీనికి పెద్ద పథకము అవసరము లేదు. గ్రామములో ఏ గింజ పంచినను దానితో ఒక చీటి యుండవలెను. చీటిపై నాలుగు పంక్తులు చాలును: గింజ పేరు, సేకరించిన నెల, నాటుటకు ముందు చేయవలసిన పని, మొలకకై వేచియుండవలసిన దినములు. ఈ నాలుగవ పంక్తి లేకపోవుటచేతనే ఎక్కువ కుండీలు గోడప్రక్కకు చేరుచున్నవి. ప్రతి రైతు సేవా కేంద్రములోను, రైతు వేదికలోను ఒక ఆకురాయియు, నాలుగు గరుకుకాగితములును ఉంచి, అడిగినవారికి గీరి చూపవలెను. ప్రతి బడిలో ఒక గాజుగ్లాసులో తామరగింజను వేసి పిల్లలకు చూపవలెను. గట్టిపొర సంగతి పదిపుటల పాఠముకంటె ఆ గ్లాసు బాగుగా బోధించును.

పూలగింజ విషయమే గదా, ఇంత గంభీరముగా చెప్పవలెనా యని మీరనవచ్చును. ఒక ఇల్లాలు గింజ తీసికొనిపోయి, నెలరోజులు నీరు పోసి, మొలక కానక, ‘సర్కారువారి గింజలు ఇంతే’ అని పొరుగింట చెప్పును. ఆ మాట అక్కడ ఆగదు. రేపు వరి విత్తనమును, పచ్చిరొట్ట విత్తనమును తీసికొని మన ఉద్యోగి ఆ వీధికే పోవలెను. చిన్న పొట్లము విషయమున పోయిన నమ్మకము పెద్దమూట విషయమున తిరిగి రాదు. గింజ మంచిదై యుండి, చెప్పవలసిన ఒక్కమాట చెప్పనందున నమ్మకము పోవుట నాకు మిక్కిలి విచారకరముగా తోచును.

కావున పెరటితోట పెంచు సోదరీసోదరులారా! ఈ తొలకరికి ఒక్క కుండీతో ఆరంభింపుడు. శంఖపుష్పపు గింజలు పది తీసికొని, అయిదు గీరి, అయిదు గీరక, తేదీ వ్రాసి నాటి చూడుడు. ఫలితమును మీ ఊరి వ్యవసాయోద్యోగికి తెలుపుడు. నిరుడు మీరు గోడప్రక్కన పారబోసిన మట్టి యింకను అక్కడనే యున్నయెడల, దానిని కూడ ఒకమారు జల్లెడ పట్టుడు. గట్టిగా, నున్నగా చేతికి తగిలిన గింజలను గీరి, మరల నానవేయుడు.